లేచేటప్పుడు ఇవ్వని చెయ్యి

ఉద్యోగం మానేసి ఏడాది దాటింది. అయినా మధ్యాహ్నం భోంచేసి కాస్త నడుం వాల్చానంటే, కునుకుకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంటుంది. ఎవరో లేస్తారు, కూర్చుంటారు, మళ్లీ లేస్తారు. ముఖం కనిపించదు. చీర కుచ్చిళ్లో, లుంగీ అంచో, తెల్లటి పైజామానో కదులుతూ ఉంటుంది. నేను మనసులో లెక్కపెడుతుంటాను. ఒకటి, రెండు, మూడు. అయిదు దాకా ఎప్పుడూ రాదు, ఈలోపే మెలకువ వచ్చేస్తుంది. భగవంతుడి దయవల్ల భయమేమీ వెయ్యదు. పాతవాళ్లెవరో వచ్చి పలకరించి వెళ్లినట్టుంటుంది.

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక ధర్మాసుపత్రిలో నేను పనిచేశాను. మొదట చాలా ఏళ్లు పసిపిల్లల బరువులు తూచాను. చివరి తొమ్మిదేళ్లు పెద్దవాళ్ల కండ చూశాను. వయసు మీద పడేకొద్దీ ఒంట్లో కండ అందరికీ కొంత తగ్గుతుంది. కొందరికి మాత్రం మరీ తొందరగా కరిగిపోతుంది. బరువు తగ్గకపోవచ్చు, పొట్ట అలాగే ఉండవచ్చు, అందుకే ఇంట్లోవాళ్లకి తెలియదు. ముందుగా పసిగడితే చాలావరకు ఆపవచ్చు, కొంత తిరిగి తెచ్చుకోవచ్చు. పసిగట్టకపోతే ఒకనాడు మనిషి పడిపోతాడు. తర్వాత అందరూ ఆ పడిపోవడం గురించే మాట్లాడతారు.

నా చోట్లోకి ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. మొన్న ఇంటికి వచ్చి, "అమ్మా, మీకు తెలిసింది రాసియ్యుండ్రి" అన్నారు. ఫారాలు నింపడం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. అందుకని అది వదిలేసి, నేను చేసిన తప్పులు రాస్తున్నాను.

ప్రదక్షిణల లెక్క

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చి గుండెకు తగులుకుంది. మెట్లెక్కించవద్దు, పరుగెత్తించవద్దు అన్నాడు వైద్యుడు. మా నాన్న ఛత్రినాకలో ఒక చిన్న గుడిలో అర్చకుడు. ఆయనే గుడి అరుగు మీద కూర్చోబెట్టి పలకా బలపంతో చదువు చెప్పాడు. లెక్కలు నేర్పిన తీరు మాత్రం వేరు. నూటఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్న ఆడవాళ్లు మధ్యలో లెక్క మర్చిపోతారు కదా. వాళ్ల లెక్క నేను పెట్టాలి. నలుగురైదుగురు ఒకేసారి తిరుగుతుంటే, ఎవరిది ఎన్నోదో విడివిడిగా గుర్తుంచుకోవాలి. ఒక్కో చుట్టుకి ఒక్కో పువ్వు పక్కన పెట్టేదాన్ని. ఒక పువ్వు ఎక్కువ పెడితే నాన్న ఊరుకునేవాడు కాదు. "తిరిగేది వాళ్లు. నువ్వు వాళ్లకి ఒకటి ఎక్కువ ఇస్తే దేవుడి దగ్గర అబద్ధం ఆడినవాళ్లు వాళ్లవుతారు, నువ్వు కాదు" అనేవాడు.

పక్కింటి బీబీ దగ్గర ఉర్దూ మాట నేర్చుకున్నాను. పెళ్లయ్యాక ప్రైవేటుగా పరీక్షలు కట్టాను. ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది. నాన్నకూ బీబీకీ ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు ఒక్క క్షణం నమస్కారం చేసుకుంటాను.

నాన్న చెప్పిన ఆ మాట మర్చిపోయిన రోజు ఒకటుంది. అసలు చెప్పదలచుకున్నది దాని గురించే. అయితే దానికి ముందు రెండు సంగతులు.

ముగ్గు మీద నడక

మా పెద్దాఫీసరు డాక్టర్ సుభద్రగారు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. కోపం ఎక్కువ, నవ్వు అంతకంటే ఎక్కువ. పెద్దవాళ్ల పరీక్షలు మొదలుపెట్టినప్పుడు నాకు మూడు పనులు అప్పజెప్పారు. ఒక చిన్న యంత్రాన్ని పిడికిలితో నొక్కించి బలం చూడటం, నాలుగు మీటర్లు మామూలుగా నడిపించి గడియారం పట్టడం, చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనడం.

నడకకి వరండాలో గీత కావాలి. రోజూ పొద్దున్నే వరండా కడిగి, నేనే ముగ్గుపిండితో నాలుగు మీటర్లు గీసేదాన్ని. ఉత్త గీత బోసిగా ఉందని ఆ చివరొక పద్మం, ఈ చివరొక పద్మం వేసేదాన్ని. తలుపు పైన రంగుల అద్దాల్లోంచి ఎండ పడి ఆ పద్మాలు ఒక గడియ ఎర్రగా, ఒక గడియ ఆకుపచ్చగా మారేవి. చూస్తూ నిలబడిపోయేదాన్ని.

నెల గడిచాక డాక్టరుగారు కాగితాలు ముందేసుకుని పిలిచారు.

"వరలక్ష్మిగారూ, ఇదేం విచిత్రమండీ? దబీర్‌పురా నుంచి వచ్చే ముస్లిం ఖాలాలందరూ చకచకా నడుస్తున్నారు. మీ ఛత్రినాక ఆడవాళ్లకి మాత్రం అందరికీ ఒక్కసారే కాళ్లు పట్టేశాయా?"

నాకేం అర్థం కాలేదు. మర్నాడు ఆవిడే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదట వచ్చిన పెద్దామె పద్మం చూసి ఆగింది. వంగి కళ్లకద్దుకుంది. చీర పైకి పట్టుకుని, గీత తొక్కకుండా, పొలం గట్టు మీద నడిచినట్టు పక్కపక్కగా అడుగులేసింది.

"గీత మీదనే నడువుండ్రి అవ్వా, రోజూ నడిచినట్టు" అన్నాను.

"ముగ్గు తొక్కుమంటవా బిడ్డా? నీకు ఇంట్ల ఎవ్వలు చెప్పలేదా?"

డాక్టరుగారు నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత నవ్వు ఆపి, ఆ నెల వచ్చినవాళ్లందర్నీ మళ్లీ పిలిపించారు. నేల మీద ఎర్ర టేపు అంటించాం. పద్మాన్ని గడప బయటికి మార్చాను. ఒకరి నడక కొలిచే ముందు వాళ్ల కాళ్ల కింద ఏముందో చూడాలని ఆ రోజు తెలిసింది.

ఖాజా సాబ్ స్తంభం

ఖాజా సాబ్‌ది దబీర్‌పురా స్టేషన్ దగ్గర గడియారాల దుకాణం. ఆయన వస్తే ముందు అత్తరు వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఒంట్లో నీరసంగా ఉందా అని అడిగితే నొచ్చుకున్నాడు.

"క్యా బాతా కర్తే అమ్మా! పాంచ్ టైం మస్జిద్‌కు పైదల్ జాతూఁ."

రోజుకి అయిదుసార్లు మసీదుకి నడిచే మనిషికి బలం లేదని ఎలా అంటాం? కానీ వెంట వచ్చిన కొడుకు ముసిముసిగా నవ్వాడు.

"అమ్మా, అబ్బా ఇప్పుడు మస్జిద్‌ల జాగా మార్చిండు. మొదలు ముందు లైన్‌ల నిలవడుతుండె. ఇప్పుడు ఖంబా పక్కకే కావాలంటడు. ఎవ్వరన్న ఆ జాగాల నిలవడితె మస్తు లొల్లి."

"అరె చుప్ బైఠ్!" అన్నాడు ఖాజా సాబ్.

నాకెందుకో అప్పుడు నోట్లోకి ఆ ప్రశ్న వచ్చింది. "ఖాజా సాబ్, సజ్దాలో నుదురు నేలకానించి లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటారు?"

ఆయన కొడుకు వైపు ఒకసారి చూసి, అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. "ఖంబా" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా. తన అరచెయ్యి తగిలే చోట ఆ స్తంభం సున్నం నున్నగా అయిపోయిందని చెప్పాడు. ఎన్నాళ్లనుంచో ఎవరికీ చెప్పని మాట అది.

మేం చెప్పిన కసరత్తు ఏడాది చేశాక ముందు వరుసకైతే తిరిగి వెళ్లలేదుగానీ, స్తంభాన్ని మాత్రం వదిలేశాడు. అప్పటినుంచి "నీరసంగా ఉందా" అని అడగడం మానేశాను. ఉందని ఎవరూ అనరు. "లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటారు" అని అడిగేదాన్ని. ద్వారబంధం, మంచం పట్టె, స్నానాల గదిలో కుళాయి, ఇలా ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పేవారు. మంచి ప్రశ్న దొరికిందని నాకు లోపల గర్వంగా ఉండేది. గర్వం ఎంతో కాలం నిలవలేదు.

యాదమ్మక్క

మార్కెట్లో ఆకుకూరలమ్మే యాదమ్మక్క నాకంటే పదిపన్నెండేళ్లు పెద్దది. నలభై ఏళ్లుగా ఒకే చోట గోనెపట్టా వేసుకుని కూర్చున్న మనిషి. కాళ్లకు వెండి కడియాలు, నోటికి అడ్డూ అదుపూ లేదు. వెంట కోడలు సునీత వచ్చింది. అత్త పక్కనే ఆమె కూడా కూరలమ్ముతుంది.

పిడికిలి యంత్రం నొక్కమంటే ముల్లు గిర్రున పైకి పోయింది. ఏళ్ల తరబడి కట్టలు కట్టిన చెయ్యి అది.

"ఇంక గట్టిగ వడితె నీ మిషిన్ వలుగుతది చెల్లె. మల్ల నా మీద లొల్లి వెట్టకుర్రి."

"లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటవక్కా?" అని నా మంచి ప్రశ్న వేశాను.

"దేన్ని వట్టుకుంట? ఏం వట్టుకోను. నేనేమన్న ముసల్దాన్నా?"

అబద్ధం చెప్పలేదామె. ఆ సంగతి తర్వాత తెలిసింది.

కుర్చీలో కూర్చుంది. చేతులు గుండెల మీద కట్టుకుంది. ఒకటి, రెండు చక్కగా వచ్చాయి. మూడు మెల్లగా వచ్చింది. నాలుగోసారి గడ్డం వణికింది. అయిదోసారి సగం లేచి ఆగింది. ఆ సగంలో నా చెయ్యి వెళ్లి ఆమె మోచేతి కింద ఆనింది. ఎత్తలేదు, లాగలేదు, ఆనించానంతే. ఆమె నిలబడింది. "అయిదు" అన్నాను. కాగితం మీద అయిదు అని రాశాను.

నా చెయ్యి నన్ను అడిగి వెళ్లలేదు. పూజయ్యాక మా నాయనమ్మ లేస్తుంటే పిల్లలం పరుగెత్తుకెళ్లి చెయ్యి ఇచ్చేవాళ్లం. పెద్దవాళ్లు లేస్తుంటే చూస్తూ కూర్చునేవాడు మనిషేనా అని మా ఇంట్లో అనేవారు. ఆ చెయ్యి యాభై ఏళ్లుగా అలాగే వెళ్తోంది. ఆ రోజూ వెళ్లింది.

అప్పుడు సునీత అడిగింది. "అమ్మా, ఈ ఆషాఢంల బోనం ఎత్తుకుంటనంటంది అత్త. ఎత్తుకోవచ్చునా?"

వాళ్లింటి పద్ధతి ఒకటుంది. బోనమెత్తే మనిషి వాకిట్లో పీట మీద కూర్చుంటుంది. పసుపు రాసి, వేపాకు కట్టి, దీపం వెలిగించిన కుండను ఇంటి ఆడబిడ్డ తెచ్చి నెత్తిన పెడుతుంది. అంతే, ఆ తర్వాత గుడి దాకా ఆమెను ఎవరూ ముట్టకూడదు. నెత్తిమీద ఉన్నది అమ్మవారు. పీట మీంచి తనంతట తనే లేవాలి. యాదమ్మక్కకు అత్త చేతి నుంచి వచ్చిన బోనం అది. ఓపిక ఉన్నన్నాళ్లు తను ఎత్తి, తన చేత్తో కోడలికి ఇవ్వాలని ఆమె కోరిక.

"బేషుగ్గా ఎత్తుకోవచ్చు. అయిదుసార్లు లేచింది కదా" అన్నాను.

నాలుగున్నర

బోనాల ఆదివారం మర్నాడు మార్కెట్లో ఆకుకూరల చోటు ఖాళీగా ఉంది. గోనెపట్టా మడిచి గోడకు ఆనించి ఉంది. పక్కన ఉల్లిగడ్డలమ్మే మల్లేశన్న చెప్పాడు.

"గట్ల సగం లేసింది, మోకాళ్లు మడత వడ్డయి. పక్కకు వడ్డది. కుండ వలిగింది, చెయ్యి ఇరిగింది. కోడలు చెయ్యి వట్టుకోబోతె పెద్దోళ్లు ముట్టొద్దని గుంజిర్రు. అమ్మోరికి కోపమొచ్చిందంటుర్రు."

నాకు మార్కెట్ అంతా ఒక్కసారిగా నీళ్ల అడుగున ఉన్నట్టయింది. తక్కెళ్లు కదులుతున్నాయి, నోళ్లు కదులుతున్నాయి, చప్పుడు మాత్రం వినపడటం లేదు.

ఆ కాగితం వెతికి తీసుకుని డాక్టరుగారి ముందు పెట్టాను. "నేను రాసిన అయిదు అయిదు కాదండి. నాలుగున్నర. మిగతా సగం నా చెయ్యి."

ఆవిడ తిడతారనుకున్నాను. కాగితం పక్కన పెట్టి, "మిగతా వాళ్లలో ఎంతమందికి ఇలా చెయ్యి ఇచ్చారు?" అన్నారు.

అది నాకు తట్టనే లేదు. "తెలియదండి. చెయ్యి ఎప్పుడు వెళ్లిందో నాకే గుర్తుండదు."

"అయితే అందర్నీ మళ్లీ పిలవాలి."

"నన్ను ఈ పని నుంచి తీసెయ్యండి."

"తీసేస్తే మీ చోటుకి వచ్చే అమ్మాయి కూడా ఈ దేశంలోనే పుట్టి ఉంటుందిగా. ఆమె కూడా చెయ్యి ఇస్తుంది. పైగా ఇచ్చానని వచ్చి చెప్పదు." ఆవిడ లేచి కిటికీ దగ్గరకు వెళ్లారు. "మీ చేతులకి వేరే పని పెట్టాలండీ. దండం పెట్టుకోండి."

"అమ్మా?"

"దండమండీ. రోజూ చేసేదేగా. వాళ్లు కుర్చీలోంచి లేస్తున్నంతసేపూ మీ రెండు చేతులూ జోడించి ఉంచండి. కుర్చీ గోడకి ఆనించండి. మీరు మూరెడు దూరంలోనే నిలబడండి. పడబోతే పట్టుకోండి. మెల్లగా లేస్తుంటే మాత్రం ఆగండి. ఈ రెండిటికీ తేడా తెలుసుకోవడమే మన ఉద్యోగం."

అమ్మాయిలూ, ఈ ఒక్క ముక్కా గుర్తుపెట్టుకోండి. మిగతాదంతా పోయినా ఫరవాలేదు.

అందర్నీ మళ్లీ పిలిచాం. విసుక్కుంటూనే వచ్చారు. నేను చేతులు జోడించి నిలబడితే కొందరు తిరిగి నాకు దండం పెట్టారు, లేవడం మర్చిపోయి. ఆ కాగితాల్లో నా చేతులు ఇంకా చాలాచోట్ల బయటపడ్డాయి. పొరపాటు చేసినందుకు కాదు, దిద్దుకునే వ్యవధి దొరికినందుకు ఆ భగవంతుడికి ఎన్నిసార్లు మొక్కానో.

పట్టుకున్నది ఎవరు

యాదమ్మక్క ఇంటికి వెళ్లడానికి నాకు నెల పట్టింది. ధైర్యం చాలలేదని రాయడానికి సిగ్గుపడను.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చేతికి పిండికట్టు. ముందు పళ్లెంలో అన్నం ఎండిపోయి ఉంది. నన్ను చూసి ఎప్పటిలా అరవలేదు.

"అమ్మోరు నన్ను వద్దన్నది చెల్లె" అంది. "నలభై ఏండ్లు ఎత్తుకున్న నెత్తి. ఏం తప్పు జేసిన్నో తెల్వది. నీళ్లు తాగినా గదే యాదికొస్తంది."

నేను నేలమీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. "తప్పు నీది కాదక్కా, నాది. ఆ రోజు అయిదోసారి నువ్వు లేవలేదు. నేను మోచేతి కింద చెయ్యి పెట్టిన. లేవగలవని మీ కోడలికి చెప్పిన. కాళ్లల్ల కండ తగ్గింది, అంతే. అమ్మవారి కోపం కాదు."

పొయ్యి దగ్గర సునీత చేతిలో గరిటె ఆగిపోయింది. యాదమ్మక్క నా చెయ్యి వైపు చూసింది.

"గంతేనా? నీ చెయ్యేనా? అమ్మోరు కాదా?"

"నా చెయ్యే."

"నీ పాడుగాను! నెల దినాల సంది ఏడ్వవడితి గదనే!" అని మంచి చేత్తో నా భుజం మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బ తగలగానే నాకూ ఏడుపొచ్చింది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, "పిల్లా, ఇంత చారు పొయ్యి" అంది కోడలితో.

అన్నం తింటుంటే ఆమె పాదాలు చూశాను. కడియాలు చీలమండ మీద వదులుగా వేలాడుతున్నాయి.

"పెండ్లినాడు సబ్బు రాసి ఎక్కిచ్చిర్రు ఇవి" అంది నా చూపు గమనించి. "గిప్పుడు గిరగిర తిరుగుతయి. వెండి అరిగిందనుకున్న."

అప్పుడు అడిగాను, ఈసారి సునీతని. "మీ అత్తని రోజుకి ఎన్నిసార్లు లేపుతవు?"

"లేవట్టుడేంది? అత్తనే లేస్తది" అంది సునీత. అని ఆగింది. "మార్కెట్‌ల చెయ్యి ఇస్త. ఇంట్ల... ఇంట్ల గూడ ఇస్త. నేను లేకుంటె మల్లేశన్న ఇస్తడు." గరిటె కింద పెట్టి అలాగే కూర్చుంది. "అత్త లేస్తందనుకున్న ఇన్నొద్దులు. నేనే లేవడ్తున్న గదా."

దేన్ని పట్టుకుంటారు అన్న నా ప్రశ్నలో అదే లోటు. యాదమ్మక్క దేన్నీ పట్టుకోలేదు. ఆమెను అందరూ పట్టుకున్నారు. ఇష్టంతోనే పట్టుకున్నారు. ఆ ఇష్టం వెనక ఆమె కాళ్లు మెల్లగా కరిగిపోయాయి.

ఇటుకలు

పిండికట్టు విప్పాక మొదలుపెట్టాం. కుర్చీ మీద రెండు బొంతలు మడిచి వేసి, ఎత్తు మీంచి లేవడం. తర్వాత ఒక బొంత తీసేయడం. తర్వాత ఉత్త కుర్చీ, తర్వాత స్టూలు, తర్వాత ఇటుకల మీద పలక. ఒక్కో ఇటుక తగ్గించుకుంటూ పీట దాకా రావాలి. డాక్టరుగారు రాసిచ్చారు, నేను వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని.

తిండి దగ్గర పెద్ద గొడవ. మంగళవారం ఒక్కపొద్దు, శుక్రవారం ఒక్కపొద్దు, మిగతా రోజుల్లో చారన్నం. కూరలో ముక్కలన్నీ మనవడి పళ్లెంలోకి పోతాయి.

"గుడ్డు తినక్కా. పప్పు గట్టిగా తిను, పెరుగు తిను."

"నువ్వు గుడ్డు ముట్టవు, నాకు తినుమని చెప్పవడ్తివి! మంచిగున్నది అయ్యగారి బిడ్డ యవ్వారం."

"నాకు బోనమెత్తే పని లేదు కదా. నీకుంది."

ఆ మాటకు నోరు మూసుకుని తినేది. సునీత ఆమె పళ్లెంలో ముందు వడ్డించడం మొదలుపెట్టింది.

అత్త లేచేటప్పుడు దండం పెట్టుకుని నిలబడటం సునీతకూ నేర్పాను. మా ఇద్దర్నీ చూసి యాదమ్మక్క, "ఇంట్ల ఇద్దరు దండం వెట్టుకొని నిలవడ్తిరి. నేనే అమ్మోరునైన!" అని పగలబడి నవ్వేది. నవ్వితే లేవలేదు. మళ్లీ మొదటినుంచి.

నిజంగా కష్టపడింది సునీత. మార్కెట్లో అత్త గోనెపట్టా మీంచి ఆపసోపాలు పడుతూ లేస్తుంటే, పక్కన చేతులు జోడించి నిలబడేది. వచ్చేపోయేవాళ్లు ఊరుకుంటారా? "ముసల్దాన్ని లేవట్టవా? గిదేం కోడలమ్మా!" అని మొహం మీదే అనేవారు. ఒకామె మెంతికూర కట్ట వెనక్కిచ్చి పోయింది. సునీత ఎవరికీ జవాబు చెప్పలేదు. ఈ ఉద్యోగంలో పెద్దవాళ్లను ఒప్పించడం సులువు. వాళ్లని ప్రేమించేవాళ్లకు చెయ్యి వెనక్కి తీసుకోమని చెప్పడం కష్టం, ఆ మాటలు పడుతూ నిలబడమనడం ఇంకా కష్టం. అలాంటి కోడలు ఎక్కడైనా కనబడితే ముందు ఆమెకు ఒక మంచి మాట చెప్పి, తర్వాత మీ గడియారం తీయండి.

చలికాలంలో రెండు ఇటుకల దగ్గర ఆగిపోయింది. వారాలు గడిచినా ఒక ఇటుకకి రాలేదు. ఒకరోజు పలక మీద కూర్చుని లేవనంది.

"సాలు చెల్లె. నాతోటి గాదు. కోడలే ఎత్తుకుంటది."

సునీత చేతులు జోడించుకునే ఉంది. దించకుండానే అంది. "నేనెత్తుకోను. నువ్వు ఇయ్యంగ తీస్కుంట అత్తా, నువ్వు వడంగ తీస్కోను."

యాదమ్మక్క అరికాళ్లు నేలకు సరిగ్గా ఆనించుకుంది. "గీ పిల్లకు నా నోరే వచ్చింది" అని గొణిగింది. లేవడానికి ముందుకు వంగింది.

ఒక్కసారి

మరుసటి ఏడాది ఆషాఢం ఆదివారం పొద్దున్న. రాత్రి వాన పడి సందంతా తడిగా, వేపాకు వాసనతో ఉంది. ఆ నెలాఖరుకు నా ఉద్యోగం అయిపోతుంది. డాక్టరుగారు రాలేదు. "మీరు చూసి వచ్చి చెప్పండి, నాకు భయం" అన్నారు. అంత పెద్ద డాక్టరు.

వాకిట్లో పీట వేశారు. నేల మీంచి జానెడు ఎత్తు ఉంటుందేమో. యాదమ్మక్క పసుపు చీర కట్టుకుని కూర్చుంది. కడియాలు చీలమండ మీద ఆగి ఉన్నాయి, మునుపటంత బిగువు లేకపోయినా. ఆడబిడ్డ కుండ తెచ్చి నెత్తిన పెట్టింది. పైన దీపం వణికి నిలబడింది. డప్పు ఆగింది.

ఆమె వంగింది. మడమలు నేలకు ఒత్తుకున్నాయి. లేస్తోంది. సగంలో, సరిగ్గా ఆ రోజు కుర్చీ దగ్గర ఆగిన చోటే, ఆగింది.

నా చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. పక్కన సునీత చేతులు జోడించి ఉన్నాయి. కళ్లెత్తి చూస్తే మల్లేశన్నవి, ఆడబిడ్డవి, అరుగుల మీదా మేడల మీదా నిలబడ్డవాళ్లవి, అందరివీ జోడించే ఉన్నాయి. వాళ్లు అమ్మవారికి పెట్టిన దండాలవి. సందు నిండా మనుషులున్నారు, ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. ఆ ఆగిన సగంలో ఎంతసేపు ఉన్నామో నాకు తెలియదు. నా కళ్లకు ఆ దీపమూ, ఎప్పటెప్పటివో ప్రదక్షిణలూ, కుర్చీలూ, నాన్న అరుగూ అన్నీ ఒకే చోట మెల్లగా తిరిగాయి. గడియారం సంచిలోనే ఉంది. తీయలేదు.

యాదమ్మక్క మోకాళ్లు తిన్నబడ్డాయి. నిలబడింది.

డప్పు ఒక్కసారిగా మోగింది. ఆమె తల కదపకుండా, దీపం కదలకుండా, కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

"ఏంది చెల్లె" అంది, నాకు మాత్రమే వినిపించేట్టు, "ఒక్కసారి సాలునా? ఇంక నాలుగు మాట్లు లేవాల్నా?"